మనిషి దక్కాడు, అదే పదివేలు

పోయిన నెల మా పెద్దమ్మ మనవరాలి పెళ్లికి వెళ్లాను. రెండేళ్లలో నేను వెళ్లిన మొదటి పెళ్లి అది, అదీ మా చెల్లి సెలవు పెట్టుకొచ్చి పక్షవాతంతో మంచాన ఉన్న మా ఆయన దగ్గర కూర్చుంది కాబట్టి. భోజనాల దగ్గర వరసకి అత్తయ్య అయ్యే ఒకావిడ నా పక్కన కూర్చుని, ఆయన ఎలా ఉన్నారో అడిగి, నా వీపు నిమిరి, "ఏం చేస్తాం తల్లీ, మనిషి దక్కాడు, అదే పదివేలు అనుకో" అంది. మంచి మనసుతోనే అంది, నాకు కోపమూ రాలేదు. కానీ గుంటూరు బస్సెక్కాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. పదివేలంటే మా ఇంట్లో నెల ఫిజియోథెరపీ. ఇంటికొచ్చి చేసే అబ్బాయికి రోజుకి 400, ఆదివారాలూ పండగలూ పోను పాతిక రోజులు, సరిగ్గా పదివేలు.

మనిషి దక్కినందుకు నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను, అందులో అనుమానం లేదు. కానీ దక్కిన మనిషిని నిలబెట్టుకోడానికి అయ్యే ఖర్చు గురించి మన ఇళ్లల్లో ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. ఆసుపత్రి బిల్లు ఎంతయిందని అందరూ అడుగుతారు, ఆ తర్వాత నెలనెలా ఎలా గడుస్తోందని అడిగేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టచ్చు, ఆ నెలనెలా ఖర్చులో కూడా అన్నిటికన్నా పెద్దది ఏ బిల్లులోనూ కనపడదు. చూసుకునే మనిషి వదులుకున్న సంపాదన అది. దాన్ని ఖర్చు కింద రాయాలి, ఇంట్లోవాళ్లూ రాయాలి, సర్కారూ రాయాలి. రెండేళ్లుగా నా బుర్రలో తిరుగుతున్న మాట ఇదే, ఇవాళ కూర్చుని రాస్తున్నాను.

డిశ్చార్జి కాగితంలో ఒక లైను

ఆయనకి అప్పటికి 48 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్, జీతం 38 వేలు. రాత్రి మామూలుగా పడుకున్న మనిషి పొద్దున లేవబోయి మంచం పక్కనే పడిపోయారు. మెదడులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట, నిద్రలో వచ్చిన స్ట్రోక్ ఎప్పుడు మొదలైందో ఎవరు చెప్తారు, మేం ఆ టైము దాటించేశాం. మెదడుకి ఎడమ పక్క దెబ్బ తగిలింది, కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట పోయింది. ఇరవైమూడు రోజులు ఆసుపత్రి, 7 లక్షల 80 వేలు బిల్లు, ఆఫీసు ఇన్సూరెన్స్ మూడు లక్షలు, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్లూ మా అన్నయ్య ఇచ్చినదీ. ఆ ఇరవైమూడు రోజుల గురించి ఎక్కువ రాయను, అలాంటి రోజులు అందరి ఇళ్లల్లోనూ ఒకలాగే ఉంటాయి.

డిశ్చార్జి రోజు సిస్టర్ వచ్చి ముక్కులో ట్యూబు ద్వారా పాలు ఎలా పొయ్యాలో పది నిమిషాల్లో నేర్పించింది. చేతికిచ్చిన కాగితం చివర్లో ఒక లైను ఉంది, పేషెంటుని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని. ఒకే పక్కన పడుకుంటే వీపుకీ పిర్రలకీ పుళ్లు పడతాయి కాబట్టి. రెండు గంటలకోసారి అంటే రోజుకి పన్నెండుసార్లు, రాత్రి పది తర్వాత నాలుగుసార్లు. ఎవరు తిప్పాలో ఆ కాగితంలో రాయలేదు. ఆ ఒక్క లైను ఒక పూర్తి ఉద్యోగమని నాకు ఇంటికొచ్చిన మూడో రోజుకి తెలిసింది.

నేను అప్పటికి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని, 16 వేలు జీతం. ఆయాని పెట్టుకుందామని కనుక్కుంటే పగలు పన్నెండు గంటలకి నెలకి 18 వేలు అన్నారు, రాత్రికి వేరే. కాగితం పెన్నూ అక్కర్లేని లెక్క అది. నేను ఉద్యోగానికెళ్తే నెలకి రెండు వేలు ఎదురివ్వాలి. మానేశాను. స్కూల్లో అందరూ "మీరు మంచి నిర్ణయం తీసుకున్నారు మేడమ్" అన్నారు, ఇంట్లో మా అత్తయ్య "నా కొడుకుని నువ్వు కాక ఎవరు చూస్తారమ్మా" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నిజమే, నేనే చూడాలి, నాకూ అదే ఇష్టం. కానీ ఇంటికి నెలకి 54 వేలు వచ్చే చోట మూడు నెలలు తిరిగేసరికి సున్నా అయింది. ఆయన జీతం పోయిందని అందరూ బాధపడ్డారు. నా 16 వేలు పోయాయని ఒక్కరూ అనలేదు, మొదట్లో నేనూ అనుకోలేదు.

వేలిముద్ర

ఐసీయూలో ఉన్నప్పుడు జరిగింది ఒకటి చెప్పాలి. డబ్బంతా ఆయన ఖాతాలో ఉంది, ఫోను ఆయనది, పిన్ నంబర్లన్నీ ఆయన బుర్రలో ఉన్నాయి, ఆ బుర్రలోంచి మాట బయటికి రావట్లేదు. రెండో రోజు సాయంత్రం విజిటింగ్ టైములో నేను ఫోను తీసుకెళ్లి ఆయన కుడి బొటనవేలిని పట్టుకుని స్క్రీను మీద పెట్టాను. చెయ్యి మంచులా ఉంది, బరువుగా ఉంది, కదల్లేదు. ఫోను మాత్రం తెరుచుకుంది. పక్కన సిస్టర్ చూసి తల తిప్పుకుంది. దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది నాకు, ఆ చేత్తోనే ఆయన పెళ్లిలో మూడుముళ్లు వేశారని కూడా అనిపించింది.

ఫోను తెరుచుకుంది గానీ యూపీఐ పిన్ తెలీదు. బ్యాంకుకి వెళ్తే ఖాతాదారు రావాలన్నారు, రాలేని మనిషి గురించే నేను చెప్తున్నది. నాలుగుసార్లు తిరిగాక ఇంకో పేషెంటు తాలూకు ఆయన చెప్పాడు, రిజర్వ్ బ్యాంకు రూలు ఉందమ్మా అని. సంతకం పెట్టలేని రోగి అయితే బొటనవేలి ముద్ర, అదీ కుదరకపోతే కాలి వేలి ముద్ర, ఇద్దరు సాక్షులు, అందులో ఒకరు బ్యాంకు మనిషి అయ్యుండాలి. ఆ రూలు గట్టిగా చెప్తే అప్పుడు బ్యాంకు నుంచి ఒకాయన ఇంటికొచ్చాడు. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోమని కొందరు సలహా ఇచ్చారు, కానీ అది రాసే మనిషికి తెలివి స్థిరంగా ఉండాలి, ముందే రాసిపెట్టుకున్నా మతి తప్పితే మన కాంట్రాక్టు చట్టం ప్రకారం అది చెల్లకుండా పోతుంది. ఇది చదువుతున్నవాళ్లలో ఖాతా ఒక్కరి పేరు మీదే ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఈ వారంలోనే జాయింటు చేయించుకోండి, నా అనుభవం అందుకైనా పనికొస్తే చాలు.

పోతే ఉంది, ఉంటే లేదు

ఆయనకి 50 లక్షల టర్మ్ పాలసీ ఉంది. దానికి తోడు పెద్ద జబ్బొస్తే డబ్బులొచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ రైడర్ తీసుకోమని ఏజెంటు అడిగితే ఏడాదికి ఇంకో మూడు వేలు దండగని ఇద్దరం కలిసే వద్దనుకున్నాం. ఆ రైడర్ ఉండి, స్ట్రోక్ వల్ల వచ్చిన లోపం మూడు నెలలు దాటినా అలాగే ఉందని కాగితాలు పెడితే డబ్బులిచ్చేవాళ్లు. ఇప్పుడున్న పాలసీ చావుకి మాత్రమే. ఫ్లాటు లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు అంటగట్టిన ఇన్సూరెన్స్ కూడా చావుకే. ఈఎంఐ 17,400 మాత్రం బతికున్న మనిషి పేరు మీద ఠంచనుగా ఐదో తారీఖున అడుగుతుంది.

మొదటి ఏడాది ప్రీమియం డేటు వచ్చినప్పుడు కట్టాలా వద్దా అని రాత్రంతా కూర్చున్నాను. కట్టకపోతే ఉన్నది పోతుంది. కడితే ఆయన పోయిన రోజు కోసం కడుతున్నట్టు. ఆ రాత్రి నా బుర్రలోకి వచ్చిన లెక్క ఏంటో ఇక్కడ రాయాలంటే చెయ్యి వణుకుతోంది, కానీ ఈ స్థితిలో ఉన్న ప్రతి ఆడదానికీ మగాడికీ ఎప్పుడో ఒక రాత్రి ఆ లెక్క వస్తుందని నాకు గట్టి నమ్మకం. ఆయన పోయి ఉంటే ఫ్లాటు అప్పు తీరేది, పిల్లల చదువుకి ఢోకా ఉండేది కాదు. ఆ ఆలోచన వచ్చిన మరుక్షణం లేచి ఆయన్ని పక్కకి తిప్పే టైము కాకపోయినా తిప్పాను. ఆయన కళ్లు తెరిచి నన్ను చూసి "సరే" అన్నారు. ఆయనకి మిగిలిన మాట అదొక్కటే. ఆకలైనా సరే, నొప్పైనా సరే, వద్దన్నా సరే, గొంతుని బట్టి మేం అర్థం చేసుకోవాలి.

ప్రీమియం కట్టాను. నా మీద నాకు అసహ్యం కొన్నాళ్లు ఉంది, ఇప్పుడు లేదు. ఆ ఆలోచన నా మనసులో పుట్టిన పాపం అనుకునేదాన్ని, ఇప్పుడు అనుకోను. మనిషి చనిపోతే డబ్బు, బతికి మంచాన పడితే ఏమీ లేదు అని ఏర్పాటు చేసిపెడితే ఆ లెక్క ఎవరికైనా వస్తుంది.

సర్కారు సాయం సంగతి. ఆంధ్రాలో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6 వేలు, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి 15 వేలు. ఇది చిన్న మొత్తం కాదు, ఇచ్చినవాళ్లని మెచ్చుకోవాలి. ఖమ్మంలో మా ఆడపడుచు ఉంది, అక్కడ వికలాంగులకి 4,016 అని, మీ దగ్గర నయం వదినా అంటుంది. ఆయనకి వైకల్యం ఎంతుందో చెప్పే సదరం సర్టిఫికెట్ కూడా వచ్చింది, క్యాంపులో గోడ పక్కన వీల్‌చైర్లో నాలుగు గంటలు కూర్చోబెడితే. కానీ వార్డు సచివాలయంలో పింఛనుకి ఆన్‌లైన్లో పెట్టగానే అనర్హులని చూపించింది. ఊళ్లో వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లుంటే రాదట, మాది 1,080. ఆ ఎనభై అడుగులు మా వంటింటి బాల్కనీ, ఆయన డైపర్ల డబ్బాలు పెట్టుకునే చోటు. ఆ ఫ్లాటుకి ఇంకా పదకొండేళ్లు అప్పుంది. సచివాలయంలో కూర్చున్న అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది పాపం, స్క్రీను నావైపు తిప్పి చూపించింది.

ఇంకోటి చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షను ప్రకారం ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు, చెయ్యగలిగే పని లేకపోతే అదనపు పోస్టు సృష్టించైనా జీతం ఇవ్వాలి. చాలా మంచి రూలు. ప్రైవేటులో పనిచేసేవాళ్లకి అలాంటిది లేదు, మా ఆయన ఆఫీసువాళ్లు మూడు నెలలు జీతమిచ్చి, పూలబొకేతో ఇంటికొచ్చి, రాజీనామా కాగితం మీద వేలిముద్ర వేయించుకుని వెళ్లారు. ఉద్యోగుల బీమా ఈఎస్ఐ 21 వేల జీతం దాటితే లేదు. బాగా పేదవాళ్లకి ఒక దారి, ప్రభుత్వ ఉద్యోగికి ఒక దారి, మధ్యలో మాలాంటివాళ్లం ఫ్లాటుంది కదా అనిపించుకుంటూ ఉన్నాం. పీఎఫ్ తాలూకు పింఛను స్కీములో పూర్తి వైకల్యం వచ్చినవాళ్లకి 58 ఏళ్లు నిండకపోయినా పింఛనిస్తారని నాకు పద్నాలుగు నెలల తర్వాత తెలిసింది. పదిహేడేళ్ల సర్వీసుకి నెలనెలా ఎంతో కొంత వస్తోంది. ఆఫీసువాళ్లు బొకేతో పాటు ఈ మాట ఒక్కటి చెప్పి ఉంటే బాగుండేది.

పొదుపు చేసి తెచ్చుకున్న పుండు

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. డైపరు ఒకటి 35 రూపాయలు, రోజుకి మూడు, నెలకి మూడు వేల పైన. పోయినేడాది జూన్‌లో పిల్లల ఫీజులొచ్చాయి, పాపకి ఇంటర్, బాబుకి తొమ్మిదో తరగతి. పాప తనంతట తనే గవర్నమెంటు కాలేజీకి మారతానంది, మారింది కూడా. అయినా చాల్లేదు, నేను మూడు డైపర్లని రెండు చేశాను. తడిసినా ఇంకో రెండు గంటలు ఆగచ్చులే అని. రోజుకి 35 మిగిలాయి. పదహారో రోజు స్నానం చేయిస్తుంటే నడుం కింద రూపాయి బిళ్లంత ఎర్రగా కనిపించింది, నొక్కితే తెల్లబడలేదు, రెండు రోజుల్లో తోలు ఊడింది. ఆ పుండు మానడానికి రెండున్నర నెలలు, డ్రెస్సింగులకీ యాంటీబయాటిక్స్‌కీ ఎయిర్ బెడ్‌కీ కలిపి 14 వేలు. నేను మిగిల్చింది 560 రూపాయలు.

ఆయన "సరే, సరే" అని అరిచేవారు డ్రెస్సింగు చేస్తుంటే. మా ఇంటికొచ్చిన నర్సు నన్ను ఏమీ అనలేదు, "ఇలా చాలా ఇళ్లల్లో జరుగుతుంది అక్కా" అని మాత్రం అంది.

ఆ నెలలోనే పుస్తెలతాడు తాకట్టు పెట్టాను. గాజులూ నల్లపూసలూ అప్పటికే వెళ్లిపోయాయి. ఒక మంగళవారం దాటాక పసుపుతాడు పేని, పుస్తెలు తీసి దానికి గుచ్చుకుని, బంగారు తాడు రుమాల్లో కట్టుకుని వెళ్లాను. మా అత్తయ్య నా మెడ చూసి ఏమీ అడగలేదు, ఆ రాత్రి తన చెవి దుద్దులు తీసి నా దిండు కింద పెట్టింది. అవి ఇప్పటికీ అలాగే దాచాను, ఆవిడ వాటి గురించి మాట్లాడదు, నేనూ మాట్లాడను.

సేవకి వెల కడతావా అంటారు

నా వాదన విన్నవాళ్లు అనేది ఇదే. మొగుడికి చేసేదానికి కూడా డబ్బు లెక్క ఏంటి, మన అమ్మమ్మలు ఇలా లెక్కలేశారా అని. నాకూ ఆ అనుమానం ఉండేది కాబట్టి మా అమ్మని అడిగాను. మా తాతయ్య పక్షవాతంతో ఆరేళ్లు మంచం మీద ఉన్నారు, మా అమ్మమ్మ చూసింది, నోరెత్తి ఒక్క మాట అనలేదు. కానీ ఆ ఇంట్లో ముగ్గురు కోడళ్లున్నారు, పాడి ఉంది, వంటకి ఒకరు ఉంటే మంచం దగ్గర ఒకరు ఉండేవాళ్లు. అయినా ఆ ఆరేళ్లలో కాలవకింద ఎకరంన్నర అమ్ముకున్నారు. అది తాతయ్య జబ్బు ఖర్చని ఎవ్వరూ అనలేదు, "ఆ రోజుల్లో పొలం పోయింది" అని మాత్రం చెప్పుకునేవాళ్లు. లెక్క అప్పుడూ ఉంది, రాయలేదంతే.

నన్ను సతీసావిత్రితో పోలుస్తారు, ఎదురుగానే. ఆ మాట వినగా వినగా ఆ కథ మళ్లీ చదివాను. సావిత్రి యముణ్ణి మొదట అడిగింది భర్త ప్రాణం కాదు, భర్త ప్రాణం తప్ప ఏదైనా కోరుకోమన్నాడు కాబట్టి. మామగారికి చూపు అడిగింది, తర్వాత పోయిన రాజ్యం అడిగింది, ఆ తర్వాత తన తండ్రికి కొడుకుల్ని అడిగింది. ఇల్లు నిలబడే ఏర్పాట్లు చేసుకుంటూ నడిచి చివరికి సత్యవంతుణ్ణి తెచ్చుకుంది. మనం ఆఖరి వరం ఒక్కటే గుర్తుపెట్టుకుని మిగతావి మర్చిపోయాం.

ఫిజియో సెంటర్‌కి వెళ్లిన రోజుల్లో ఒక ఆటో తోలే తమ్ముడు పరిచయమయ్యాడు, తెనాలి దగ్గర పల్లెటూరు. వాళ్లావిడకి వెన్నులో గడ్డ ఆపరేషన్ చేశాక నడుం కింద పడిపోయింది. ఆ అమ్మాయి అంతకుముందు ఇంటి ముందు ఇడ్లీ బండి పెట్టి రోజుకి నాలుగైదు వందలు మిగిల్చేదట. ఇతను దూరం బేరాలు మానేశాడు, రెండు గంటల్లో ఇంటికి తిరిగి రాగలిగే బేరాలే ఒప్పుకుంటాడు, ఆమెని పక్కకి తిప్పాలి కదా. నన్ను సావిత్రి అన్నవాళ్లు అతన్ని ఏమన్నారో తెలుసా, చిన్నవాడివి, ఇంకో పెళ్లి చేసుకో అన్నారు. చూసుకోవడం ఆడదాని పుట్టుక అనీ, మగాడు చూసుకుంటే అమాయకుడనీ. అతనికి పింఛను వచ్చింది, 15 వేలు. "అక్కా, పింఛను వచ్చినకాడ్నించే మా ఆవిడ కడుపునిండా తింటంది, అంతకుముందు ముద్ద ముద్దకీ నా జేబు వంక చూసేది" అన్నాడు. సేవకి డబ్బు లెక్కేస్తే ప్రేమ పల్చబడుతుందని అనేవాళ్లకి నేను చెప్పగలిగే జవాబు ఆ అమ్మాయే.

ఇంకో అభ్యంతరం, దొంగ సర్టిఫికెట్లు పెరుగుతాయి, ఖజానా ఏం తట్టుకుంటుంది అని. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి, నేను కాదనను. సదరం క్యాంపు బయట రేట్లు మాట్లాడుకోవడం నా చెవులతో విన్నాను. కానీ మంచాన పడ్డ మనిషి ఇంటికి వెళ్లి తలుపు తీసి చూస్తే నిజమో అబద్ధమో ఒక్క నిమిషంలో తెలుస్తుంది, వాసనే చెప్తుంది. ఖజానా గురించి నాకు అంత తెలీదు గానీ, ఆ 2016 చట్టంలోనే 24వ సెక్షన్లో, ఎక్కువ ఆసరా కావాల్సిన వికలాంగులకి సంరక్షకుల భృతి అనే మాట ఉంది, ఆర్థిక స్తోమతకి లోబడి అని కూడా ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అని మంచాన పడ్డవాళ్లని చూసుకునేవాళ్లకే విడిగా నెలకి 600 పెట్టారు. ఆరొందలతో ఏం వస్తుంది, డైపర్లు ఆరు రోజులకి వస్తాయి. అయినా ఆ కాగితం మీద రోగి పేరుతో పాటు చూసుకునే మనిషి పేరు కూడా ఉంటుంది, నాకు అది ఆరొందలకన్నా పెద్ద విషయం అనిపించింది.

లండన్లో ఉన్న మా పిన్ని కూతురు చెప్పింది, అక్కడ ఇలాంటి భృతి 1976లోనే పెట్టారట. కానీ పెళ్లైన ఆడవాళ్లకి ఇవ్వలేదట, వాళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా అని. ఉద్యోగం మానేసి తల్లిని చూసుకున్న ఒకావిడ కోర్టుకెక్కితే 1986లో గానీ ఆ రూలు మారలేదు. అది విని నాకు ఆశ్చర్యం కాదు, ఏదో తోడు దొరికినట్టు అనిపించింది. వాళ్లకీ పదేళ్లు పట్టింది ఆడదాని పనిని పని అనడానికి.

నేను అడిగేది మరీ పెద్దదేం కాదు. ఇంటి కొలత చూసి కాకుండా, మంచాన పడ్డ మనిషి వల్ల ఇంట్లో ఎన్ని జీతాలు ఆగిపోయాయో చూసి పింఛను తేల్చండి. ఆసుపత్రిలో డిశ్చార్జి రోజున ట్యూబు నేర్పించినట్టే ఈ కాగితాల సంగతి కూడా ఒక మనిషిని పెట్టి చెప్పించండి. బంధువులకి నా మనవి, పళ్లు తేవద్దు, నెలకో పూట వచ్చి ఆయన దగ్గర కూర్చోండి, నేను ఇంకో నలుగురు పిల్లలకి ట్యూషన్ చెప్పుకుంటాను. ఇప్పుడు తొమ్మిదిమంది వస్తున్నారు, ముందుగదిలో, మధ్యలో రెండు గంటలకోసారి నేను లేచి వెళ్తానని వాళ్లకీ అలవాటైపోయింది.

మా ఆయన పెళ్లైన కొత్తలో ఒక పద్దు పుస్తకం మొదలుపెట్టారు, ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు, నెలాఖరుకి కింద రెండు గీతలు. జబ్బు పడ్డాక అది నేను రాస్తున్నాను. పెళ్లి నుంచి వచ్చిన రాత్రి ఆయన మంచం పక్కన కూర్చుని ఆ నెలది రాశాను. ఫిజియో, మందులు, డైపర్లు, ఈఎంఐ, పాలు, కరెంటు. రాసి, కింద కొత్తగా ఒక వరస వేసి నా పేరు రాసి, ఎదురుగా ఏం రాయాలో తెలీక అంకె దగ్గర ఆగిపోయాను. ఆయన చూస్తూ ఉన్నారు. ఎడమ చెయ్యి చాపి ఆ ఖాళీ మీద వేలు పెట్టి "సరే" అన్నారు, అడిగినట్టుగా. నేను నవ్వి పుస్తకం మూసెయ్యబోతే వేలు తియ్యలేదు. ఆయాకి అడిగిన రేటు గుర్తుతెచ్చుకుని 18,000 అని రాశాను, అప్పుడు తీశారు.